గొట్టం మీద రూపాయి

రాజుగారూ, ముందా కళ్లజోడు తుడుసుకోండి.
కురుపాం మార్కెట్ దుమ్ము ఇది,
సగం బొగ్గు, సగం ఉప్పు.
తుపాకీకి అడివి కాదు పగ, ఈ ఊరే.
రాత్రి నూనె రాసి పడుకుంటే
తెల్లారేసరికి యారాడ కొండ మీంచి గాలొచ్చి
నాకీసి పోతాది.

టాంజానియా ఎల్తన్నారంట. అడివిదున్నకి.
కొమ్ములు రెండూ నుదుట కలిసి
ఇనప పాపిడి తీసినట్టుంటాదంట దాని తల.
నాను బొమ్మలోనే సూసినాను.
భీమిలి హేచరీలో రొయ్యపిల్లల్ని లెక్కెట్టే సెయ్యి మీది,
దీన్ని ఒక్కటంటే ఒక్కటే లెక్కెట్టాల.

ఏ తూటా అని కదా అడిగినారు?
ఉండండి, సొరుగు బిగుసుకుపోనాది.

మందు నేని ఉత్త ఇత్తడి ఇవి,
మా గురువు మస్తాన్ బాషా ఒగ్గీసి ఎల్లినవి.
ఇది త్రీ సెవెంటీఫైవ్. నడుం సన్నం, భుజాలు జారు,
ఏ ఇంటికెల్లినా సర్దుకుపోయే కోడలు.
ఇది ఫోర్ సిక్స్‌టీన్. దీని గురించి తర్వాత సెప్తాను
(సెప్పకపోతే గుర్తుసెయ్యండి).
ఇది ఫోర్ ఫిఫ్టీయెయిట్.
మెడే నేదు సూడండి, భుజాల మీదే తలకాయి.
అంచున్నది ఫోర్ సెవెంటీ, జంటగొట్టాల జమీందారీ సరుకు,
దాని రేటు అడక్కండి.

కింద బంగారం కొట్టు పట్నాయక్ తరాజు తెచ్చి
ఓపాలి గుండ్లు తూసినాను.
తులానికి నూట ఎనభై గ్రెయిన్లు, తేడా నేదు.
త్రీ సెవెంటీఫైవ్ గుండు
తులంన్నర మీద పదహారు గురిగింజలు.
ఫోర్ ఫిఫ్టీయెయిట్‌ది రెండుముప్పాతిక తులాలు,
పైన రెండో మూడో గింజలు.
"సీసానికి ఇంత మర్యాదేటి నాయుడూ!"
పట్నాయక్ నవ్వి, పళ్లెం రెండుసార్లు కడిగించినాడు.

మీ కన్ను పెద్దదాని మీదే ఉంది.
తప్పు కాదు.

పార్వతీపురం అవతల మొక్కజొన్నలో
ఏనుగుని సిన్న తూటాతో కొట్టినాడు ఒకడు.
మూడు రాత్రులు అరిసిందది.
ఊరు ఊరంతా కంచాల ముందు కూకొని లేసిపోయినారు.
ఆ తుపాకీ తర్వాత నా బల్ల మీదకొచ్చింది,
ఘోడా బాగుసెయ్యమని.
మూత తియ్యకుండా తిప్పి పంపినాను.
అందుకని సిన్నది తీసుకోమని నానెప్పుడూ అనను.

ఇప్పుడిది పట్టుకోండి. ఖాళీ. గొళ్ళెం తీసి మీరే సూడండి.
కిటికీలోంచి హార్బర్ క్రేను కొక్కెం కనిపిస్తందా, అదే దున్న.
గొట్టం సివర ఈ రూపాయి ఎడతన్నాను.
నొక్కండి.

టిక్కు.
రూపాయి కదల్నేదు. ఇది త్రీ సెవెంటీఫైవ్.

ఇప్పుడు రెండోది. ఇదీ ఖాళీయే.
పేరు మాత్రం ఫోర్ ఫిఫ్టీయెయిట్.

సూసినారా,
టిక్కు వినపడకముందే రూపాయి కింద పడిపోనాది.
ఖాళీదని మీకు తెలుసు. నాకూ తెలుసు.
మీ భుజానికి తెలీదు.

ఇంకోపాలి.
ఇంకోపాలి.
సాలు, సెమట తుడుసుకోండి.

దున్నకి గుండు పేరు తెలీదు బాబూ.
ఎక్కడ తగిలిందో అదే తెలుస్తాది.
భయంతో ఒదిలిన పెద్ద తూటా
ఆ మొక్కజొన్న తోటలోకే ఎల్తాది మళ్లీ.
రోజూ పొద్దున్న ఈ రూపాయి ఎట్టుకోండి, నెల్లాళ్లు.
నిలబడితే ఫోర్ సిక్స్‌టీన్ మాటాడుకుందాం.
నిలబడకపోతే కోడలే గతి,
అదీ దున్నని పడగొట్టగలదు.

ఆయన మెట్లు దిగిపోనాడు. టీ తాగనేదు.

దీపం ఏసే ఏళకి
నానే ఫోర్ ఫిఫ్టీయెయిట్ ఎత్తి
కొక్కెం మీద గురెట్టి రూపాయి నిలబెట్టినాను.
ముప్పయ్యేడేళ్ల భుజం.
ఏలు బిగుస్తంటే
రేవులోంచి ఏదో ఓడ హారన్ కొట్టింది.

బల్ల కిందకి దొర్లిన సప్పుడు ఇన్నాను.
ఇంకా ఎతకనేదు.